దుంగ అటకెక్కే లోపు

రంపం చెక్కలోకి దిగింది. ఇక ఈ కోత అవతలి చివర తేలేదాకా చిన్నోడు మనిషి కాడు, మిషనుకి ఒక చెయ్యి, అంతే. తల తిప్పకూడదు, తుమ్మకూడదు, ముక్కు మీద ఈగ వాలితే దాని మానాన దాన్ని కూర్చోనివ్వాలి. కుడిచేత్తో చెక్కని ముందుకి తోస్తూ ఎడమచేత్తో దాన్ని పక్కనున్న ఆనుడు బద్దకి అదిమిపెట్టి ఉంచాలి, తోసే వేగం పెరగకూడదు, తగ్గకూడదు, ఆగడమన్న మాటే ఎత్తకూడదు. ఆగితే ఆగినచోట గాటు పడుతుంది, మళ్ళీ మొదలుపెడితే అక్కడ సన్నటి మెట్టు వస్తుంది. తలుపు చెక్కకో మంచం కోడుకో అయితే చిత్రిక పట్టి సరిపెట్టుకోవచ్చు గానీ, గిటారు వీపుకి కోసే పొర అట్టముక్కంత మందం కూడా ఉండదు, అందులో మెట్టు పడిందంటే ఇక అది పొయ్యిలోకే. పోనీ వెనక్కి లాగుదామా అంటే అది ఇంకా ఘోరం, చెక్కతో పాటు బ్లేడు కూడా కదిలి చక్రాల మీంచి ఊడి ఒళ్ళో పడుతుంది. అంచేత దిగినవాడు ముందుకే పోవాలి. ఈ మాట నాన్న ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పినప్పుడల్లా రంపం గురించే చెబుతున్నాడనుకున్నాడు చిన్నోడు. చిన్నోడంటే చిన్నపిల్లాడేం కాదు, కణతల దగ్గర జుట్టు తెల్లబడింది, చలిపడితే మోకాలు మొరాయిస్తుంది, మొన్నీమధ్యనే తండ్రి కూడా అయ్యాడు. అయినా ఈ వర్క్‌షాపులో నాన్న పెద్దాయన, అతను చిన్నోడు. పెద్దాయన ఉన్నంతకాలం ఈ పేరు వదలదు.

బ్యాండ్‌సా అంటే ఏముంది, పైనొక చక్రం, కిందొక చక్రం, రెంటికీ కలిపి బెల్టులా చుట్టిన పొడుగాటి రంపపు పట్టీ. బల్ల మీద మాత్రం నిలబడినచోటే నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది, ఎప్పుడూ కిందికే పోతుంటుంది, ఎప్పటికీ కిందికి చేరదు. చిన్నప్పుడు గంటలకొద్దీ దాన్నే చూస్తూ కూర్చునేవాడు, ఇది ఎక్కడికి పోతోంది నాన్నా అని అడిగితే ఎక్కడికీ పోదురా, పని చేస్తుంది అనేవాడు నాన్న. ఇప్పుడు దాని పళ్ళకింద సన్నటి పొట్టు లేస్తోంది, నల్లగా, మిరియాలు దంచినప్పటి ఘాటు, ముక్కుపుటాల్లోకి వెళ్ళి అక్కడే కాపురం పెట్టే ఘాటు. ఈ దుంగకి ఇంత వాసన ఉందని ఇవాళే తెలిసింది. తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఎందుకంటే ఇది అతని దుంగ, ఇవాళే అటక దిగింది.

ఈ ఇంట్లో బిడ్డ పుడితే ఉయ్యాల కంటే ముందు దుంగ వస్తుంది. తాత మొదలుపెట్టాడట, తాతకి ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు. మంచి గట్టి నల్లచెక్క, ఇంకా నీరోడుతున్న పచ్చి దుంగ తెచ్చి, దాని మొహాన సుద్దతో బిడ్డ పుట్టిన రోజు రాసి, వాకిలి అవతల రేకుల షెడ్డులో దూలాల మీదికి ఎక్కిస్తారు. దాన్నే అటక అంటారు. చెక్క ఎండాలి, బిడ్డ ఎదగాలి, ఎదిగిన బిడ్డ ఎండిన దుంగని దించి ఈ మిషను మీద పొర పొరగా కోసి గిటారు చెయ్యాలి. అదీ లెక్క. ఎక్కిన దుంగ ఎండేదాకా దిగదు, మధ్యలో దింపితే గాలి మారి నిలువునా పగులుతుందని నాన్న శాస్త్రం. చిన్నోడి దుంగయితే ఎండిపోయాక కూడా దిగలేదు. ఏడాదికోసారి నాన్న నిచ్చెనెక్కి వేలి కణుపులతో తట్టి చూసి, ఇంకా కాస్త ఆగనీరా, మంచి చెక్క, తొందరపడితే పాడవుతుంది అని దిగేవాడు. ఈలోగా చిన్నోడు ఊళ్ళోవాళ్ళ దుంగలన్నీ కోశాడు, ఎవరెవరి గిటార్లకో వీపులు కోశాడు, పక్కలు కోశాడు, పొరల మీద పొరలు అతికించే సన్నపు వెనీర్లు కాగితంలా కోశాడు. చివరికి నాన్నే ఒకరోజు ఇక దింపేద్దాం అన్నాడు. ఎండిందా నాన్నా అని చిన్నోడు ఆశగా అడిగితే, ఎండింది సరే, పాపది ఎక్కాలంటే పైన చోటు కావాలి కదరా అన్నాడు.

పాప. దాని పిడికిళ్ళు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఆస్పత్రిలో మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఆ పిడికిలి విప్పి చూద్దామని చూపుడువేలు దూర్చాడు, గట్టిగా పట్టేసుకుంది, ఎంత గట్టిగా పట్టిందంటే లాక్కోవడానికి మనసొప్పలేదు. మంచం మీంచి వాళ్ళావిడ చూస్తూనే ఉంది, నీరసంగా ఉన్నా కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి. ఆవిడ దర్జీ, సూదులతోనే పని కాబట్టి కళ్ళకీ ఆ అలవాటొచ్చిందని అతను ఏడిపిస్తుంటాడు. అప్పుడే మాట తీసుకుంది, దీనికి దుంగ వద్దు అని. వద్దు, అన్నాడు అతను. మీ నాన్నగారికి మీరే చెప్పాలి. నేనే చెబుతాను. ఒట్టు? ఒట్టు. ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోట్లోంచి, పక్కన నాన్న లేడు, రంపం లేదు, కిటికీలోంచి ఎండ, పాప గుప్పిట్లో వేలు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, చెప్పాలి అనుకుంటూ గడిచాయి. పొద్దున చెబుదామంటే నాన్న అప్పుడే లేచి మిషను చక్రాలు తుడుస్తుంటాడు, తుడుస్తున్న మనిషికి ఏం చెబుతాం. మధ్యాహ్నం చెబుదామంటే జిగురు పొయ్యి మీద ఉంటుంది. సాయంత్రం అయితే మనవరాల్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంటాడు, ఆ చిన్న తలని అరచేతిలో పట్టుకుని, చెక్కని తట్టినట్టే దాని వీపు మీద మెల్లిగా తడుతూ, ఏం పలుకుతోందిరా ఇది అని మురిసిపోతుంటాడు. అప్పుడు చెప్పడానికి రాతిగుండె కావాలి. నాన్న చెడ్డవాడైతే బాగుండేది. ఒక్కసారైనా కొట్టి ఉంటే, తిట్టి ఉంటే, ఎదురు తిరగడానికి ఒక గోడైనా దొరికేది. ఏనాడూ చెయ్యెత్తలేదు, గొంతు ఎత్తలేదు, ఎండలో నిలబడితే నీడలోకి రారా అన్నాడు, చలిలో నిలబడితే కోటు తెచ్చి కప్పాడు, ఏం చేద్దామన్నా వద్దనలేదు, ఊరికే అటక వైపు చూశాడు.

అసలు దుంగ రేపు రావాలి. రేపు అన్నాడు నాన్న, చిన్నోడు తన చెవులతో విన్నాడు. అందుకే ఇవాళ పొద్దున ఆవిడ వంటగది గుమ్మంలో అడ్డంగా నిలబడితే ధైర్యంగానే ఉన్నాడు.

"పైకెక్కే లోపే చెప్పండి. ఎక్కాక ఎన్ని చెప్పినా అది దిగదు."

"చెబుతానన్నానుగా. ఈ కోత ఒక్కటీ అవనీ."

"మీ కోతలు ఎప్పుడయ్యాయి గనక! కుట్టు వంకరపోతే నేను విప్పి మళ్ళీ కుడతాను. మీ చెక్కకి విప్పడం లేదు కదా, అందుకే ముందే చెప్పమని మొత్తుకుంటున్నా."

"సాయంత్రం చెబుతా. ఖాయం."

ఆవిడ గుమ్మం వదిలి పక్కకి జరిగింది. ఆవిడ ఏమీ అనకపోవడం కంటే నాలుగు అనడమే నయం. ఇక్కడికొచ్చి స్విచ్చి వేశాడు, దుంగని బల్ల మీదికి ఎత్తాడు, మొదటి పొర బాగా వచ్చింది. ఇప్పుడిది రెండోది, దాని జత. రెండూ పక్కపక్కన పరిస్తే చెక్కలోని గీతలు తెరిచిన పుస్తకంలా ఎదురెదురుగా రావాలి, అవే గిటారు వీపు. దుంగ నడిబొడ్డులో ఇంత వెడల్పు జత ఒక్కటే దొరుకుతుంది, మిగతావన్నీ పక్కలకీ పైపొరలకీ. ఈ జతతో నేనొక ఆఖరి గిటారు చేస్తా, తర్వాత ఉలి ముట్టను, లోపల నీ పేరు రాస్తా, నా పేరు కాదు అన్నాడు నాన్న, పొద్దున దుంగ దించుతూ. ఆ మాట విన్నాక చిన్నోడు ఇంకేం చెబుతాడు. కోత సగానికి రాకముందే, ఎదురుగా కిటికీలోంచి, వాకిట్లోకి వెనక్కి వెనక్కి వస్తున్న లారీ కనిపించింది.

చప్పుడు వినపడలేదు. రంపం తిరుగుతుంటే ఈ గదిలో ఏ చప్పుడూ వినపడదు, పిడుగు పడ్డా కిటికీలోంచి చూసి తెలుసుకోవాల్సిందే. లారీ ఆగింది, వెనకతలుపు పడింది, ఇద్దరు కూలీలు పైకెక్కారు, నాన్న చెయ్యి ఊపుతూ షెడ్డు వైపు చూపిస్తున్నాడు, పండగబట్టల్లో ఉన్నంత సంబరం ఆ నడకలో. రేపన్నాడు కదా. రేపంటే రేపే అనుకోవడం నాదే బుద్ధితక్కువ, ఈయన సంతోషం పట్టలేక ఒకరోజు ముందే తెప్పించుకుంటాడని తెలీదా, పాప నెలలు నిండకుండా పుట్టలేదు గానీ దాని దుంగ మాత్రం ముందే వచ్చేసింది. పిలవాలి. నాన్నా అని పిలవాలి. పిలిచినా వినపడదు. వినపడినా పిలవకూడదు. చెక్కలో రంపం ఉండగా కోసేవాడు మాట్లాడకూడదు, కోసేవాడితో ఎవరూ మాట్లాడకూడదు, ఈ గదికి ఉన్నది ఒక్కటే చట్టం, ఆ చట్టం పుట్టింది చిన్నోడి వల్లే.

అప్పుడు అతనికి ఇంకా పాలపళ్ళు. చాలా రోజులుగా ఊగుతున్న ముందుపన్ను ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని పట్టుకుని వాకిలి దాటి పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఆ గుమ్మంలోనే, ఇప్పుడు వీపు వెనకున్న గుమ్మంలోనే నిలబడి, రంపం హోరుని మించి పోవాలని గొంతు చించుకుని అరిచాడు, నాన్నా! నాన్న తిరిగాడు. నవ్వుతూ తిరిగాడు, అది గుర్తుంది, ఆ నవ్వు మొహం మీంచి పోకముందే బల్ల ఎర్రగా అయింది. ఎడమచేతి ఉంగరపు వేలు, పై కణుపు. తర్వాత అందరూ చిన్నోడి మీద పడితే నాన్నే అడ్డొచ్చాడు. వాడు పిలిచాడు, నేను తిరిగాను, తప్పు నాది అన్నాడు. కట్టుకట్టిన చేత్తోనే ఆ పన్ను తీసుకుని చూసి, బాగుందిరా, చిత్రిక పట్టినట్టుంది అన్నాడు. అదే నాన్న. ఆ మాట అన్నందుకే అతను ఎక్కడికీ పోలేకపోయాడేమో, ఎవరికి తెలుసు. పన్ను మళ్ళీ వచ్చింది. వేలు రాలేదు. అప్పట్నుంచి ఈ మిషను తిరుగుతుండగా చిన్నోడు నోరు తెరవలేదు, మిషను ఎప్పుడూ తిరుగుతూనే ఉంది.

దుంగని దింపుతున్నారు. పెద్దది, తన దుంగ కంటే పెద్దది, బెరడు ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉంది, కూలీల బనీన్లకి దాని తడి అంటుతోంది. పొరుగింటి కంసాలి గోడ మీంచి తల పెట్టి చూస్తున్నాడు, ఏదో అంటున్నాడు, ఏమంటున్నాడో వినకపోయినా తెలుసు, వారం రోజులుగా అందరూ అదే పాట, పెద్దాయన ఎంత మారాడయ్యా, ఆడపిల్లకి దుంగ తెస్తున్నాడు! అదొక్కటీ లేకపోతే ఈపాటికి చెప్పేసేవాడేమో. అక్క పుట్టినప్పుడు దుంగ రాలేదు. ఆడపిల్లకి దుంగేమిటి అన్నాడట తాత, నాన్న నోరెత్తలేదట. ఊహ తెలిశాక అక్క పెట్టిన పేచీ ఇంతా అంతా కాదు, నాకేది, నాకేది అని రోజూ షెడ్డులో బైఠాయించేది, ఒకసారి నిచ్చెనెక్కి చిన్నోడి దుంగ మీద సుద్ద చెరిపేసి తన పుట్టినరోజు రాసుకుంది, అమ్మ చేత వీపు విమానం మోత మోగించుకుంది. ఆ అక్క ఇప్పుడు సముద్రం ఒడ్డున ఓడలకి దారి చెప్పే ఆఫీసులో పనిచేస్తుంది. ఫోన్లో గాలి హోరులోంచి పకపకా నవ్వుతుంది, నీకు దుంగిచ్చారు, నాకేమీ ఇవ్వలేదు, ఎవరు బాగుపడ్డారో చూసుకోరా అని. అక్క విషయంలో నాన్నకి ఆ ముల్లు లోపలే ఉండిపోయింది. పాప పుట్టిన రోజున ఆస్పత్రి వరండాలో కళ్ళు తుడుచుకుంటూ, మా నాన్న చేసిన తప్పు నేను చెయ్యనురా, నా మనవరాలికి తెస్తా, అందరికంటే మంచిది తెస్తా అన్నాడు. దానికి వద్దనడం ఎలా. వద్దంటే ఊరంతా ఏమంటుంది, తండ్రికి ఉన్న బుద్ధి కొడుక్కి లేదంటుంది. ఎంత అందంగా తలుపులన్నీ మూసేశాడో, మూస్తున్నానని తెలీకుండానే.

చెయ్యి నొప్పి పుడుతోంది. చెక్క సగం దాటింది, వెనకనుంచి పొర విడిపోయి కొద్దిగా వంగి ఊపిరి తీసుకుంటున్నట్టు ఆడుతోంది, లోపలి రంగు కనిపిస్తోంది, నలుపు కాదు, నలుపు కింద ఎరుపు, ఎరుపులో అలలు. ఇంత బాగుంటుందని అనుకోలేదు. ఛ, ఇంత బాగుండకపోతే ఎంత బాగుండు. పని ఇష్టం లేదని కాదు, అదే చిక్కు, పని చేతికి అబ్బింది, ఎదిరించాలంటే చేతులే ఒప్పుకోవు. కొత్త బ్లేడు ఎక్కించినప్పుడల్లా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. ఏ బ్లేడూ తిన్నగా పోదు, ఒక్కోదానికి ఒక్కో నడక, కొంచెం ఎడమకో కొంచెం కుడికో ఒరుగుతుంది. అందుకని ముందు పనికిరాని చెక్క మీద గీత గీసి, ఆనుడు బద్ద తీసేసి, ఉత్త చేతుల్తో ఆ గీత వెంట కోసి చూడాలి. బ్లేడు ఎటు ఒరుగుతోందో కనిపెట్టి, ఆ వాలుకి బద్దని తిప్పి బిగించాలి. బ్లేడుతో పంతం పట్టకురా, దాని నడక తెలుసుకుని నువ్వు సర్దుకో అంటాడు నాన్న. బ్లేడుకి ఇంత మర్యాద చేసే మనిషి. చిన్నోడి నడక ఎటు ఒరుగుతోందో ఎవరూ గీత గీసి చూడలేదు. అతను కూడా చూపించలేదు.

లేదు, ఒకసారి చూపించాడు. అప్పట్లో చెక్క తెచ్చే లారీ డ్రైవరుతో కూర్చుని స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు, లైసెన్సు కూడా తీసుకున్నాడు, రోడ్డంటే పిచ్చి పట్టింది. ఇక్కడ చెక్క నీ దగ్గరికొచ్చి నీ ముందు నించి పోతుంది, నువ్వు నిలబడినచోటే నిలబడి ఉంటావు. అక్కడ నువ్వే పోతావు, చెట్లు నిలబడి ఉంటాయి. ఆ తేడా తెలిశాక నిద్ర పట్టలేదు. నాతో వచ్చెయ్యి, ఒక ట్రిప్పు చూడు, నచ్చకపోతే వెనక్కి తెచ్చి దింపేస్తా అన్నాడు డ్రైవరు. సంచి సర్దుకున్నాడు. నాన్న వద్దనలేదు. సంచి బరువు చూసి, పట్టీ తెగేలా ఉందని తాడు కట్టి ఇచ్చాడు, ఇచ్చి షెడ్డు వైపు చూసి మెల్లిగా అన్నాడు, పోయిరా, నీ దుంగ ఎండుతోంది కదా, నువ్వొచ్చాకే దింపుదాం, ఇంకెవరు కోస్తారు దాన్ని. అంతే. సంచి దింపేశాడు. లారీ హారను రెండుసార్లు మోగి వెళ్ళిపోయింది. ఆ రోజు కూడా ఈ కోత ఒక్కటీ అవనీ అనుకున్నాడు, అవును, దాదాపు ఇవే మాటలు, నా దుంగ ఒక్కటీ అవనీ, తర్వాత చూద్దాం. ఇదిగో, అవుతోంది. జానెడు ఉంది ఇంకా. జానెడయ్యాక అతను ఎక్కడికి పోతాడు, ఈ మోకాళ్ళతో, ఈ జుట్టుతో, పోవాలన్న కోరికే ఎండిపోయాక. దుంగ దించేసరికి లోపలున్నవాడు గట్టిపడిపోయాడు.

అటువైపు నిచ్చెన వేశారు. ఒక కూలీ పైకెక్కి దూలం మీద కూర్చున్నాడు, తాడు కిందికి వదిలాడు. నాన్న జేబులోంచి సుద్దముక్క తీశాడు. దుంగ మొహాన్ని చేతిరుమాలుతో తుడుస్తున్నాడు, పాప మూతి తుడిచినట్టే తుడుస్తున్నాడు, ఆ పొట్టి వేలు మిగతా వేళ్ళకంటే వెనకపడి ఊగుతోంది. రాస్తున్నాడు. ఇక్కడ్నించి అంకెలు కనపడవు, చెయ్యి కదలడం కనపడుతోంది. తోయి, చిన్నోడా, కొంచెం తొందరగా తోయి, తొందరగా తోస్తే చెక్క కాలుతుంది, బ్లేడు మూలిగింది, అప్పుడే గొంతు మార్చింది, తగ్గించు, తగ్గించు. వేగంగా తోస్తే పొర పాడవుతుంది, ఇలాగే తోస్తే దుంగ పైకెక్కిపోతుంది. జానెడు. అటు దుంగకి తాడు కట్టారు. వాకిట్లోకి ఆవిడ వచ్చింది.

పాపని భుజాన వేసుకుని వచ్చి వాకిలి మధ్యలో నిలబడింది. దుంగ వైపు చూడలేదు, నాన్న వైపు చూడలేదు, కిటికీ వైపు చూసింది. అరవలేదు, చెయ్యి ఊపలేదు, ఆ చట్టం ఆవిడకీ తెలుసు, చెక్కలో రంపం ఉండగా పిలిస్తే ఏమవుతుందో ఆ పొట్టి వేలు రోజూ కంచం పట్టుకుంటుంటే చూస్తూనే ఉంది. ఊరికే చూసింది. పాప మొహం ఇటు లేదు, చిన్న వీపు మాత్రం కనిపిస్తోంది, దాని వెనక పైకి లేస్తున్న దుంగ. ఇంకేముంది, రేపో మాపో ఇది పాకుతుంది, నడుస్తుంది, పైకి వేలు చూపించి అదేంటి అంటుంది, అది నీదే తల్లీ అంటాడు నాన్న. ఎంత ముద్దుగా అంటాడో, ఆ ముద్దుకి ఎవరు తట్టుకోగలరు. ఏ పని ఇష్టమో దీనికి, ఎవరికి తెలుసు, ఒకవేళ ఇదే ఇష్టమవుతుందేమో, అయితే అప్పుడే తెచ్చుకోనీ, తన కాళ్ళతో వెళ్ళి తన దుంగ తనే ఎంచుకోనీ. పైన కట్టిపెట్టి కింద పెంచడం ఏమిటి. చూస్తావేం, చిన్నోడా. నాన్న వేలు పోయిందని నోరు మూసుకున్నావు, నాన్న తాడు కట్టిచ్చాడని సంచి దింపావు, నాన్న కళ్ళు తుడుచుకున్నాడని ఇవాళ్టిదాకా నీళ్ళు నమిలావు. ఇప్పుడు చేతులు ఖాళీ లేవంటావు. చేతులు ఖాళీ లేవు, నిజమే, రెండు చేతులూ చెక్క మీద ఉన్నాయి, ఒక్కటి తీసినా ప్రమాదం.

మోకాలు ఖాళీగా ఉంది. బల్ల కింద, మోకాలికి ఎదురుగా, ఎర్ర బొత్తాం ఉంటుంది, ప్రాణం మీదికొస్తే నొక్కడానికి. వేలు పోయాక నాన్నే పెట్టించాడు. ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు, దుమ్ము పేరుకుని ఎరుపు గోధుమరంగయింది. నొక్కితే పొర పోతుంది. ఆఖరి గిటారు పోతుంది, లోపల రాయాల్సిన పేరు పోతుంది, అటక మీద గడిచిన అన్నేళ్ళూ పోతాయి. ఎరుపులో అలలు, ఎంత బాగున్నాయి. బెత్తెడే ఉంది. బెత్తెడు ఆగలేవా. ఆగలేను. చిన్నోడు మోకాలితో నొక్కాడు.

రంపం వెంటనే చావదు. మోటారు ఆగినా చక్రాలు వాటి బరువుతో అవి తిరుగుతాయి, హోరు మెల్లగా గొంతు తగ్గించుకుంటూ, మూలుగుతూ, చివరికి చెక్కలో బిగుసుకుని టక్కున ఆగింది. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ అలాగే నిలబడిపోయారు. ఈ ఇంట్లో చెక్క మధ్యలో రంపం ఆగడం రెండోసారి. మొదటిసారి ఎందుకు ఆగిందో అందరికీ తెలుసు.

నాన్న పరిగెత్తాడు. నాన్న పరిగెత్తడం చిన్నోడు ఎన్నడూ చూడలేదు, చెప్పు ఒకటి వాకిట్లోనే ఊడిపోయింది, సుద్దముక్క చేతిలోనే ఉంది, గుమ్మానికి భుజం కొట్టుకుని లోపలికొచ్చి, బల్ల వంక చూడకుండా, చెక్క వంక చూడకుండా, చిన్నోడి రెండు చేతులూ లాక్కున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, ఒక్కో వేలూ చివర పట్టుకుని నొక్కి, పక్కకి తిప్పి, మళ్ళీ మొదట్నుంచీ చూసుకున్నాడు. సుద్ద అంటుకుని చిన్నోడి వేళ్ళన్నీ తెల్లగా అయ్యాయి.

"ఉన్నాయి," అన్నాడు నాన్న, ఊపిరి అందక. "అన్నీ ఉన్నాయి."

"ఉన్నాయి నాన్నా."

"మరెందుకు ఆపావురా?"

"నువ్వు వింటావని."

నాన్న అప్పుడు చూశాడు చెక్క వైపు. బెత్తెడు తక్కువలో ఇరుక్కున్న బ్లేడు, దాని పక్కన వంగిన పొర, ఎరుపులో అలలు. ఇంతసేపూ పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు.

"పాపకి దుంగ వద్దు నాన్నా."

"ఆడపిల్ల అనా?"

"ఆడపిల్లయినా, మగపిల్లాడయినా. ఎక్కించద్దు."

"నీకు ఎక్కించినప్పుడు..." అని నాన్న ఆగాడు. కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు, పాత దుంగ దిగాక దూలం మీద మిగిలిన ఖాళీ వైపు చూశాడు. "నీకు వద్దని ఒక్కనాడైనా అనలేదేరా నువ్వు?"

చిన్నోడికి కళ్ళు మండాయి. పొట్టు పడి ఉంటుంది అనుకున్నాడు, పొట్టు కాదని తెలిసే అనుకున్నాడు. "భయమేసింది నాన్నా. ఒకసారి పిలిస్తే నీ వేలు పోయింది."

ఆ పొట్టి వేలు, మిగతా వేళ్ళతో పాటు, చిన్నోడి మణికట్టు చుట్టూ బిగుసుకుంది. షెడ్డు దగ్గర్నుంచి కూలీ కేక వేశాడు, తాడు చేతుల్ని కోసుకుపోతున్నట్టుంది పాపం.

"పెద్దాయనా! పైకా, కిందికా? చేతులు తెగిపోతున్నాయండీ!"

నాన్న పైకి అనలేదు, కిందికి అనలేదు, కొడుకు మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు, వినడానికి వచ్చినవాడిలాగా. చిన్నోడు తల తిప్పాడు. కోత మధ్యలో ఉండగా, చెక్కలో బ్లేడు ఉండగా, తల తిప్పి కిటికీలోంచి గట్టిగా అరిచాడు.

"కిందికి!"

కూలీలు నాన్న కోసం ఒక్క క్షణం చూశారు. ఈ వాకిట్లో చిన్నోడి మాట మీద బరువు కదలడం వాళ్ళెరుగరు. అట్నుంచి ఏ మాటా రాలేదు. తాడు వదిలారు. దుంగ నేల మీద పడిన చప్పుడుకి పాప ఉలిక్కిపడి కెవ్వున ఏడ్చింది, మొహమంతా నోరు చేసుకుని ఏడ్చింది. ఆవిడ జోకొడుతోంది, ఏం లేదమ్మా, ఏం లేదు. రంపం గదిలో నిలబడి చిన్నోడు పాప ఏడుపు వినడం అదే మొదటిసారి.